గొడుగు బోర్డు వెనక

మా డ్రాయింగ్ మాస్టారు పోయారని ఒంగోలు నుంచి వాళ్ల అమ్మాయి ఫోన్ చేసి చెప్పింది. అప్పుడు నేను కాలేజీ లైబ్రరీలో చిరిగిన పుస్తకాలకు అట్టలు అంటిస్తున్నాను. చేతులకు జిగురు ఉండటంతో ఫోన్‌ను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని విన్నాను. తెల్లవారుజామున నిద్రలోనే పోయారట. తర్వాత ఆమె, "నిన్న సాయంత్రం నీకొక మాట చెప్పమన్నారు. మిగిలిన బోర్డులకి నూలుతాడు కట్టొద్దట. తీగే కట్టాలట. నూలుతాడు ఒక్క వానాకాలం కూడా ఆగదట" అంది.

ఆయన నాకు పంపిన చివరి మాట అది. విని ఏడవాలో నవ్వాలో తెలియలేదు. ఫోన్ పెట్టేసి, సగం అంటించిన అట్టను ముందు పూర్తిచేశాను. చేతిలో ఉన్న పని సగంలో వదిలితే ఆయన ఒప్పుకునేవారు కాదు.

చిలకలూరిపేటలోని మా కాన్వెంటులో ఆయన ఇరవై ఏళ్లకు పైగా డ్రాయింగ్ చెప్పారు. అంతకు ముందు దుకాణాలకు బోర్డులు రాసేవారు. స్కూల్లో మగవాళ్లందరూ మాకు సార్‌లే, ఆయనొక్కరే మాస్టారు. సిస్టర్లు కూడా అలాగే పిలిచేవారు. మామిడిపండు, కూజా, కొండల మధ్య సూర్యుడు గీయించే డ్రాయింగ్ పుస్తకం ఒకటి ఉండేది. ఆయన దాన్ని మొదటి రెండు నెలల్లో ముగించేసి, మిగతా ఏడాదంతా మాతో అక్షరాలు రాయించేవారు.

నేను క్లాసులో నోరు విప్పని పిల్లని. హాజరు పిలిచినప్పుడు నా గొంతు టీచరు బల్ల దాకా వెళ్లేది కాదు. చాలామంది టీచర్లు దాన్నొక జబ్బులా చూసి బాగుచేయాలని ప్రయత్నించారు. మాస్టారు మొదటి రోజు నా పేరు రెండుసార్లు పిలిచి, నేను చెయ్యెత్తితే చూసి టిక్కు పెట్టుకున్నారు. మరుసటి వారం నుంచి నా పేరు దగ్గరికి రాగానే తలెత్తి నా బెంచీ వైపు చూసేవారు, టిక్కు పెట్టేవారు. అంతే. అది నాకు ఎంత హాయిగా ఉండేదో ఆయనకు ఎప్పుడూ చెప్పలేదు. చెప్పి ఉండాల్సింది.

ఏడో తరగతిలో స్కూల్ డేకి అట్ట మీద 'స్వాగతం' రాసుకు రమ్మన్నారు. ఇంట్లో నేల మీద పడుకుని రాశాను. మొదటి రెండు అక్షరాలూ ధీమాగా వచ్చాయి. తర్వాత చోటు చాలక చివరిది అంచు దగ్గర నలిగిపోయింది. ఆయన అట్టను దూరంగా పట్టుకుని చూశారు.

"పేట బస్సులో జనంలా ఉన్నాయమ్మా ఇవి. అక్షరాలు బంతిలో భోజనానికి కూర్చున్నట్టుండాలి. పక్కవాడి మోచెయ్యి మన విస్తట్లోకి రాకూడదు."

ఇప్పటికీ లైబ్రరీ అలమర్ల మీద పేర్లు రాసేటప్పుడు ముందు విస్తళ్లే వేసుకుంటాను.

రిటైరయ్యాక ఆయన చేసిన పని గురించి చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను. నిజానికి ఆ పని అంతకు ఎన్నో ఏళ్ల ముందే మొదలైంది. హైవే పక్కన మూతపడిన పత్తి మిల్లులో ఒక గోడౌను ఆయన చేతిలో ఉండేది. మిల్లు యజమాని ఆయన చిన్ననాటి స్నేహితుడు. ఒకప్పుడు పత్తి బేళ్లు పేర్చిన ఆ చోట పాత ప్రకటన బోర్డులు గోడకు ఆనించి ఉండేవి. ఇనప రేకు మీద పింగాణీ పూత పూసినవి కొన్ని, చేత్తో రంగులు వేసినవి కొన్ని. టీ పొడి, నశ్యం, లాంతర్లు, కుట్టు మిషన్లు, బీడీలు, తలనొప్పి మాత్రలు. అరవైకి పైనే. బోర్డుకూ బోర్డుకూ మధ్య ఒక గోనెసంచి మడిచి పెట్టేవారు, ఒకదాని అంచు ఇంకోదాన్ని గీకకుండా.

తాతల కాలంలో దుకాణాల ముందు వేలాడిన బోర్డులవి. దుకాణాలు పోయినా మా ప్రాంతంలో రేకు ముక్కను ఎవరూ పారేయరు. టీ పొడి బోర్డు కోళ్లగూడుకు కప్పవుతుంది. నశ్యం బోర్డు గడ్డివాము మీద బరువవుతుంది. కుట్టు మిషన్ బోర్డును నాలుగు కర్రలకు కొట్టి పెరట్లో స్నానానికి చాటు కట్టుకుంటారు. మాస్టారు వాటిని అలాంటి చోట్ల నుంచే తెచ్చారు.

ఆయన కొనలేదు, ఊరకే అడగలేదు. ఊళ్లో ఒక బోర్డు కంటబడితే మూరలతో కొలుచుకుని వచ్చేవారు. తర్వాత ఆదివారం అదే కొలతకు కొత్త రేకు కోయించి, మోపెడ్ వెనక కట్టుకుని వెళ్లేవారు. పాతది ఊడదీసి, కొత్తది తనే బిగించి, తలుపైతే నాలుగుసార్లు తెరిచి మూసి చూసి, అప్పుడు పాతది తెచ్చుకునేవారు.

"ఊరకే తీసుకుంటే అడుక్కున్నట్టు. కొంటే వాళ్ల అవసరం కనిపెట్టినట్టు. రేకుకు రేకైతే ఇద్దరం సమానం" అనేవారు.

తెచ్చాక ఆయన మొదట చూసేది బొమ్మ వైపు కాదు. బోర్డు తిప్పి, వెనక ఇచ్చినవారి పేరు, ఊరు, అక్కడ ఆ రేకు ఏం పని చేసిందో రాసేవారు. ముందు సుద్దతో రాసి, తీరిక చూసుకుని నల్ల పెయింటుతో దిద్దేవారు. 'మేకల దొడ్డి తలుపు.' 'మంచినీళ్ల బావి మూత.' 'పొయ్యి దగ్గర గాలి చాటు.' ముందు వైపు అక్షరాలు ఎవరో రాసినవి. వెనక అక్షరాలు ఆయనవి. అన్నీ బంతిలో కూర్చున్నట్టే ఉండేవి.

నేను డిగ్రీ చదివే రోజుల్లో ఆదివారాలు అక్కడికి వెళ్లేదాన్ని. ఆయన బోర్డులు తుడిచేవారు, నేను ఒక మూల కూర్చుని చదువుకునేదాన్ని. ఒక్కోసారి పూటంతా పది మాటలు కూడా మాట్లాడుకునేవాళ్లం కాదు.

ఆ ఏడాది ఆయన భార్యకు జబ్బు చేసింది. నెలల తరబడి గుంటూరు ఆసుపత్రి చుట్టూ తిరిగారు. గోడౌను తాళంచెవి నా దగ్గర ఉంచారు. దసరా వచ్చింది. ఆయుధపూజకు మా ఇళ్లలో కొడవళ్లు, పలుగులు, ట్రాక్టరు అన్నీ కడుగుతారు కదా. మాస్టారి ఇనప సామానంతా దుమ్ముపట్టి ఉండటం నాకు మంచిగా అనిపించలేదు. ఒక మూల విడిగా పెట్టి ఉన్న ఐదు బోర్డులు బయటికి తీసి, అమ్మ ఇత్తడి బిందెలు తోమినట్టు చింతపండు పెట్టి తోమాను. ముందూ తోమాను, వెనకా తోమాను. వెనక, గోనె రాపిడికి అలికినట్టు తెల్లగా మరకలున్నాయి. అవి కూడా పోయేదాకా తోమి, ఎండలో ఆరబెట్టి, కుంకుమ బొట్లు పెట్టాను.

ఆ మరకలే ఆయన సుద్ద రాతలు. ఆ ఎండాకాలం తెచ్చిన బోర్డులవి. పెయింటుతో దిద్దే తీరిక ఆయనకు దొరకలేదు.

కొన్నాళ్లకు మాస్టారి భార్య పోయారు. పెద్దకర్మ అయ్యాక ఒక ఆదివారం ఆయన గోడౌనుకు వచ్చారు. ఐదు బోర్డులూ చూసి, "తళతళలాడుతున్నాయమ్మా" అన్నారు. ఒకటి తిప్పి చూశారు. రెండోది తిప్పారు. అప్పుడు నాకు అర్థమైంది. ఆయన జేబులోంచి సుద్దముక్క తీసి, గుర్తు తెచ్చుకుంటూ ఒక్కొక్కటే మళ్లీ రాశారు. నాలుగింటికి ఊరూ పేరూ దొరికాయి. ఐదోది గొడుగుల కంపెనీది. పసుపు రంగు మీద విప్పిన నల్ల గొడుగు, రేకు ఒక మూల వంగి ఉంటుంది. దాని వెనక సుద్ద ఆనించి చాలాసేపు అలాగే ఉన్నారు. చివరికి సుద్దను జేబులో వేసుకున్నారు.

నేను ఏడుస్తున్నాను. ఆయన అటు చూడకుండానే, "నీది సగం తప్పమ్మా. సుద్దతో రాసి వదిలేసిన సగం నాది" అన్నారు. బోర్డును గోడకు ఆనించి, "వెతుకుదాంలే" అన్నారు.

నిజంగానే వెతికారు. గొడుగు బోర్డును మోపెడ్ వెనక కట్టుకుని, ఆ ఎండాకాలం తిరిగిన ఊళ్లన్నీ మళ్లీ తిరిగారు. చాలా ఊళ్లలో ఆయన గొడుగులు అమ్ముకోవడానికి వచ్చారనుకున్నారట. ఒక ఊళ్లో ఒకావిడ మనవడికి చిన్న గొడుగుందా అని అడిగిందట. వచ్చి ఆ సంగతి చెప్పి తనే నవ్వారు. భార్య పోయాక ఆయన నవ్వగా చూడటం అదే మొదలు. బోర్డు ఎవరిదో మాత్రం తేలలేదు. తేలనిదాన్ని అబద్ధంగా పూరించడం ఆయనకు చేతకాదు. దాని వెనక ఖాళీగానే ఉండిపోయింది.

నిరుడు మిల్లు యజమాని పోయారు. కొడుకులు స్థలాన్ని ప్లాట్లు వేయించారు. మాస్టారంటే వాళ్లకు గౌరవమే. మెత్తగానే చెప్పారు, ఎండాకాలం లోపు గోడౌను ఖాళీ చేయాలని. ఆయన ఉండేది రెండు గదుల అద్దె ఇల్లు. అందులో ఆరు బోర్డులు కూడా పట్టవు.

హైవే మీద కొత్తగా కడుతున్న హోటలు తరఫున ఒకతను వచ్చాడు. బోర్డులన్నీ చూసి ముచ్చటపడ్డాడు. మంచి ధరే చెప్పాడు. గోడలకు మరలతో బిగిస్తామని, పైన దీపాలు పెడతామని అన్నాడు. మాస్టారు అంతా విని, "మరి వెనక ఎట్లా చూస్తారండీ?" అన్నారు.

అతను నవ్వాడు. "వెనకేముంది సార్, తుప్పేగా."

మాస్టారు అతనికి టీ తెప్పించి, తాగేదాకా కూర్చోబెట్టి, రోడ్డు దాకా వెళ్లి సాగనంపి వచ్చారు. వచ్చాక నాతో, "ముందు వైపు ఎవరైనా చూస్తారమ్మా, బొమ్మలున్నాయి. వెనక చూసే చోటు కావాలి" అన్నారు.

మా స్కూలుకు కూడా వెళ్లాం. ప్రిన్సిపల్ సిస్టర్ ఆయన్ని చూసి చాలా సంతోషించింది. వరండా గోడ మొత్తం ఇస్తానంది. అయితే బీడీలు, నశ్యం, మాత్రలు పిల్లల కళ్ల ముందు వద్దంది. ఆవిడ చెప్పిందాంట్లో తప్పేమీ లేదు. మాస్టారు తల ఊపి, ఆలోచించుకుని చెప్తానన్నారు. బయటికి వచ్చాక, "బంతిలో కూర్చున్నవాళ్లలో సగం మందిని లేపమంటే ఎట్లా?" అన్నారు. పైగా అక్కడా గోడే. గోడ మీద బిగిస్తే వెనక పోయినట్టే.

మార్చి వచ్చింది. ఆయన బరువు తగ్గారు. నడుస్తుంటే ఆయాసం వచ్చేది. ఆ మాట ఎత్తితే, బోర్డుల సంగతి తేలనీ, తర్వాత ఆసుపత్రికి వెళ్దాం అనేవారు.

ఆ రోజుల్లోనే మా నాన్న మిర్చి బస్తాలు తీసుకుని కోల్డ్ స్టోరేజీకి వెళ్లాడు. సీజన్లో అక్కడ ట్రాక్టర్లు బారులు తీరుతాయి. వంతు వచ్చేసరికి ఒక్కోసారి మర్నాడవుతుంది. రైతులు కూర్చోవడానికి పెద్ద రేకుల షెడ్డు ఉంది, నాలుగు పక్కలా స్తంభాలే. నేను నాన్నకు క్యారేజీ తీసుకెళ్లాను. మిర్చి ఘాటుకు తుమ్ముకుంటూ ఒక మూల కూర్చున్నాను. స్తంభాల మధ్య అడ్డంగా ఉన్న పైపు మీద ఎవరో తువ్వాలు ఆరేశారు. దాని మీద ఏదో పురుగుమందు పేరు అచ్చువేసి ఉంది. గాలికి తువ్వాలు తిరిగింది. కాసేపు అక్షరాలు కనపడ్డాయి, కాసేపు వెనక వైపు.

మేమింతకాలం మంచి గోడ కోసం వెతుకుతున్నాం. అక్కడ గోడే లేదు.

బోర్డులు ఇక్కడ వేలాడదీస్తే రెండు వైపులా చూడొచ్చని నాన్నకు చెప్పాను. అన్నం కలుపుతూనే గట్టిగా అన్నాడు, షెడ్డులో అందరికీ వినపడేలా: "మరి ఈ మాట ముందే చెప్పొద్దా? రోజంతా ఇక్కడ ఒకళ్ల మొహాలొకళ్లు చూసుకుంటా చస్తన్నాం. మాస్టారి రేకులైనా చదువుకుంటాం."

మర్నాడు మాస్టారు వచ్చారు. మూతికి తువ్వాలు చుట్టుకుని, ఒక్కో స్తంభం దగ్గరా ఆగి, మూరలు వేసుకుంటూ షెడ్డంతా తిరిగారు. తిరగడం అయ్యాక ఒక బస్తా మీద కూర్చుని, "ఈ రేకులు వచ్చింది వీళ్ల ఇళ్ల నుంచేగా అమ్మా" అన్నారు. అప్పటిదాకా నాకు ఆ ఆలోచన రాలేదు.

స్టోరేజీ యజమాని పెద్దగా అడ్డు చెప్పలేదు. ఎవరి నెత్తిన పడకుండా చూడమన్నాడు. దాంతోపాటు ఒక కోరిక కోరాడు. "మా స్టోరేజీకి కూడా చేత్తో ఒక బోర్డు రాసిపెట్టాలి మాస్టారూ. ఫ్లెక్సీలు చూసి చూసి విసుగెత్తింది." మాస్టారు నాలుగు రోజులు స్టూలు మీద కూర్చుని రాశారు. మధ్యలో ఆయాసం వస్తే కుంచె పక్కన పెట్టి, తగ్గాక మళ్లీ అందుకునేవారు. ఆయన రాసిన చివరి బోర్డు అదే. ఆ గేటు దగ్గర ఇప్పటికీ ఉంది. ఏ అక్షరం మోచెయ్యీ పక్కదానికి తగలదు.

హమాలీలు నిచ్చెన వేసి ఒక్కొక్క బోర్డూ పైపుకు తీగతో వేలాడదీశారు, చెయ్యి చాపితే అందేలా, తిప్పితే తిరిగేలా. మాస్టారు కింద నిలబడి ఎత్తు చెప్పేవారు. సగం కట్టేసరికే జనం మూగారు. మా నాన్న వయసు రైతు ఒకాయన లాంతరు బోర్డు తిప్పి, కూడబలుక్కుంటూ చదివి, "ఒరేయ్, ఇది మా తాత పేరురా" అని పక్కనున్నతన్ని పిలిచాడు. ఇద్దరూ దాని కింద చాలాసేపు నిలబడ్డారు. మాస్టారు దగ్గరికి వెళ్లి తనే తెచ్చానని చెప్పుకోలేదు. కళ్లజోడు తీసి తుడుచుకుని, హమాలీతో తర్వాతి బోర్డు ఇంకో బెత్తెడు దించమన్నారు.

ఆ తర్వాత ఎక్కువ రోజులు రాలేకపోయారు. వాళ్ల అమ్మాయి వచ్చి ఒంగోలు తీసుకెళ్లింది. వెళ్లేటప్పుడు కుంచెల డబ్బా నాకిచ్చారు. మిగిలిన బోర్డులు మా ఇంటి వసారాలో పెట్టించారు. వాటిలో గొడుగు కూడా ఉంది. "దీన్ని గేటుకు దగ్గరగా కట్టించు. వచ్చేవాళ్లూ పోయేవాళ్లూ చూస్తారు" అన్నారు.

వానలు మొదలయ్యాక ఆయన పోయారు. మిగిలినవన్నీ నేనూ నాన్నా కట్టించాం, తీగతోనే.

పోయిన వారం, స్టోరేజీ నుంచి బస్తాలు బయటికి తీసే పని మీద నాన్నతో వెళ్లాను. గేటు దగ్గర గొడుగు బోర్డు కింద ఒకావిడ నిలబడి ఉంది. యాభై ఏళ్లుంటాయి. చేత్తో ఆ వంగిన మూలను తడుముతోంది. నేను మామూలుగా కొత్తవాళ్లతో మాట్లాడను. ఆ రోజు దగ్గరికి వెళ్లి, ఏమైనా గుర్తు పట్టారా అని అడిగాను.

"మా దూడల పాక తలుపమ్మా ఇది. ఈ మూల వంచింది మా మామ, కొడవలి తగిలించుకోటానికి" అంది. తర్వాత నా వైపు తిరిగింది. "ఇది తీసకపోయినాయన యాడున్నాడు? మంచి ఎండలో వచ్చాడు, కొత్త రేకు కట్టుకుని. తలుపు బిగించిందాకా అన్నానికి రానన్నాడు. ఆ తలుపు ఇయ్యాల్టికీ కిర్రుమనలా."

ఆయన లేరని చెప్పాను. ఆవిడ చెయ్యి ఆ మూల మీదే ఆగిపోయింది. ఆయన ఈ బోర్డు పట్టుకుని మీ ఊరు మళ్లీ వచ్చారని, ఎవరిదో తేలలేదని చెప్పాను. వెనక ఎందుకు ఖాళీగా ఉందో, చింతపండు సంగతితో సహా అంతా చెప్పాను. అంతసేపు నేను ఎవరితోనూ మాట్లాడి ఎరగను.

"మేం ఊళ్లో లేం ఆ రోజుల్లో. పర్చూరులో మా ఆడబిడ్డ కాన్పుకి పోయాం. ఇంటికి తాళం" అంది. బోర్డును వెనక్కి తిప్పి, "పేరు రాస్తావా మరి?" అంది.

ఆవిడ పేరు అడిగాను.

"నాది కాదు, మా అత్తది రాయి. ఇయ్యమంది ఆమే. రెండేళ్లయింది పోయి."

కుంచెల డబ్బా మా ట్రాక్టరులోనే ఉంది. కట్టిన బోర్డుల రాతలు చెదిరితే దిద్దుదామని తెచ్చాను. నాన్న స్టూలు వేశాడు. ఆవిడ బోర్డు కదలకుండా రెండు చేతులా పట్టుకుంది. సుద్దతో రాసుకుని, వెంటనే నల్ల పెయింటుతో దిద్దాను. ఇంటిపేరు, పేరు, ఊరు. కింద, 'దూడల పాక తలుపు.' చివరి అక్షరానికి కూడా చోటు మిగిలింది.

లోపల ఆవిడ బస్తాల వంతు పిలిచారు. పెయింటు తడి తగలకుండా అంచులు పట్టుకుని బోర్డును మెల్లగా వదిలి, వెనక్కి చూసుకుంటూ వెళ్లింది. హైవే మీద లారీ ఒకటి పోయింది. ఆ గాలికి బోర్డు తీగ మీద సగం తిరిగి, ఆగి, మళ్లీ తిరిగింది. పసుపు మీద నల్ల గొడుగు, తర్వాత ఇంకా ఆరని ఒక అత్తగారి పేరు, మళ్లీ గొడుగు.